పది రోజుల కాంట్రాక్టు గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడగానే కడప, ప్రొద్దుటూరు గోడల మీద బాస్కెట్‌బాల్ శిబిరాల పోస్టర్లు వెలుస్తాయి. అమెరికా ఆటగాడు లెబ్రాన్ బొమ్మ లేకుంటే కర్రీ బొమ్మ ఉంటుంది. పత్రికల క్రీడా పుటలదీ అదే దారి. ఫలానా ఆటగాడికి ఇన్ని వందల కోట్లు అని రాస్తారు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే ఈ ఆటను నమ్ముకుని బతికేవాళ్లలో ఎక్కువమంది ఆ బొమ్మల్లో ఉండరు. ఏడాదికో ఊరు, ఊరికో జెర్సీ మారుస్తూ పదేళ్లు, పన్నెండేళ్లు నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. మన జిల్లా పిల్లవాడు ఎంత బాగా ఆడినా అతనికి దొరకగల వృత్తి అదే. దాని గురించి తెలుగులో ఒక్క ముక్క చదివే వీలు లేదు. అందుకే పిల్లలకు ఈ ఆట నేర్పే కొందరం కలిసి రాస్తున్నాం.

ఇలాంటివాణ్ని ఇంగ్లీషులో జర్నీమన్ అంటారు. తిరుగుబోతు అని దాని అర్థం కాదు. పని పూర్తిగా నేర్చి, సొంత కొట్టు లేక రోజుకూలికి పోయే పనివాణ్ని ఒకప్పుడు అలా పిలిచేవాళ్లు. సంచిలో సొంత తాపీ, సొంత రసమట్టం పెట్టుకుని ఏ మేస్త్రీ పిలిస్తే ఆ మేస్త్రీ దగ్గర గోడ కట్టే మనిషిని తలుచుకుంటే సరిపోతుంది.

ముందు అమెరికా సంగతి. అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లు, జట్టుకు 15 పూర్తి కాంట్రాక్టులు. అంటే ప్రపంచం మొత్తానికి 450 కుర్చీలు. 2023-24 నుంచి వీటికి తోడు జట్టుకు మూడు టూ-వే కాంట్రాక్టులున్నాయి. అవి కింది లీగ్ అయిన జీ లీగ్‌లో ఒక కాలు, పై లీగ్‌లో ఒక కాలు పెట్టించే ఒప్పందాలు. వాటి మీద పై జట్టుతో 50 మ్యాచ్‌లకు మించి అందుబాటులో ఉండకూడదు. జీతం కొత్త ఆటగాడి కనీస వేతనంలో సగం.

ఎక్కువ జట్లు మారిన రికార్డు ఇష్ స్మిత్‌ది. ఆరడుగుల మనిషి. 2010 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతుల వారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, అతన్ని ఎవరూ ఎంచుకోలేదు. 13 జట్లు తిరిగి, పదమూడోదైన డెన్వర్‌తో 2023లో ఛాంపియన్ అయ్యాడు. అంతకుముందు రికార్డు 12 జట్లు. ఆ 12 తిరిగినవాళ్లలో జో స్మిత్ ఒకడు. అతను 1995 డ్రాఫ్టులో మొట్టమొదటి ఎంపిక. అందరూ వద్దన్నవాడు, అందరికంటే ముందు తీసుకున్నవాడు చివరికి ఒకే రైలెక్కారు. కాబట్టి జట్లు మారడాన్ని చేతకానితనం కింద లెక్కకట్టడం తప్పు.

మరి ఎందుకు మారుస్తారు? ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రెండు వైపులా జీతాల లెక్క కుదరాలి. పెద్ద ఆటగాడికి బదులు పెద్ద ఆటగాడు పోతే, తేడా సర్దడానికి చిన్న కాంట్రాక్టువాడిని చిల్లరలా కలుపుతారు. అతన్ని అడగరు, చెబుతారు. జనవరి నెలది ఇంకో కథ. అప్పటికి జట్టులో ఉన్నవాడి జీతం జనవరి 10 నుంచి సీజన్ చివరిదాకా ఖాయమవుతుంది. అందుకని వద్దనుకున్నవాణ్ని 7వ తేదీలోపే వదిలేస్తారు. సంక్రాంతికి మన ఊళ్లో ముగ్గులు వేసే రోజుల్లో అక్కడ సామాన్లు సర్దుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వదిలేసినవాడు 48 గంటలు వెయివర్స్‌లో ఉంటాడు. ఆలోపు ఇంకో జట్టు ఆ కాంట్రాక్టును తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోకుంటే అతను తన దారి తాను చూసుకోవాలి.

జనవరి 5 నుంచి పది రోజుల కాంట్రాక్టుల కాలం మొదలవుతుంది. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అంతకాలం. ఒక జట్టు ఒక మనిషికి సీజన్‌లో ఇలాంటివి రెండే ఇవ్వగలదు. ఆ తర్వాత మిగిలిన సీజన్ అంతటికీ తీసుకోవాలి, లేదా వదలాలి. 2023-24లో కొత్త ఆటగాడికి ఆ పది రోజులకు సుమారు 64 వేల డాలర్లు. అదే ఏడాది జీ లీగ్‌లో సీజన్ మొత్తానికి 40,500 డాలర్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే, చలికాలంలో చిన్న ఊళ్లలో ఆడుతూ ఫోన్ కోసం ఎందుకు కాచుకుంటారో అర్థమవుతుంది. భారత సంతతివాళ్లలో మొదట ఎన్‌బీఏలో ఆడిన సిమ్ భుల్లర్ 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో జట్టు తలుపు తట్టింది కూడా పది రోజుల కాంట్రాక్టుతోనే. ఏడడుగుల ఐదంగుళాల మనిషి, ఆడింది మూడు మ్యాచ్‌లు. తర్వాత తైవాన్ వెళ్లి అక్కడ స్థిరపడి ఆడాడు. ఇంకో లెక్క కూడా ఉంది. ఎన్‌బీఏలో మూడేళ్ల సర్వీసు నిండితేనే పింఛను హక్కు. బెంచీ చివర కూర్చుని మూడో ఏడు కోసం పాకులాడేవాణ్ని చూసి నవ్వేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఆ పది రోజుల్లో చేయాల్సింది పాయింట్లు వేయడం అనుకుంటారు పిల్లలు. కాదు. ఒకే ఎత్తుగడకు జట్టుకో పేరుంటుంది. పేరు వినగానే తన చోటికి చేరాలి. బంతి ఉన్నవాడికి స్క్రీన్ పెడితే, అంటే అతన్ని కాచేవాడికి ఎదుటివాడొకడు అడ్డుగా నిలబడితే, ఈ జట్టు మనిషిని మార్చుకుంటుందా, వెనక్కి తగ్గుతుందా, సైడ్‌లైన్ వైపు తోస్తుందా అనేది మొదటి రోజే కంఠతా రావాలి. టైమౌట్ తర్వాత ఆడే ఎత్తుగడలు, సైడ్ నుంచి బంతి లోపలికి వేసేవి ఆ రాత్రే చదువుకోవాలి. షాట్ తప్పితే కోచ్ క్షమిస్తాడు. డిఫెన్సులో తోటివాడికి సాయంగా ఒక అడుగు ఆలస్యంగా వస్తే మాత్రం వీడియోలో అది నాలుగుసార్లు తిప్పి చూపిస్తాడు. ఇలా తిరిగి నిలదొక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక్క పని గట్టిగా పట్టుకున్నవాళ్లే. మూలలో నిలబడి మూడు పాయింట్ల షాటు వేసి, అవతలి జట్టు మంచి ఆటగాణ్ని అడ్డుకునేవాడు ఒకడు. బంతి పోగొట్టకుండా ఎనిమిది నిమిషాలు జట్టు నడిపే మూడో గార్డు ఒకడు. అన్నీ కొద్దికొద్దిగా వచ్చినవాడు కాలేజీ జట్టులో హీరో. బయట అతనికి పని దొరకదు.

అమెరికా బయట ఎక్కువ చోట్ల ఫిబా, అంటే ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య, నియమాలు. మన పిల్లలు పుట్టినప్పటినుంచి ఆడేది వాటితోనే కాబట్టి ఆ మేరకు లాభం. ఆట 40 నిమిషాలు, ఐదు ఫౌళ్లకు బయటికి, మూడు పాయింట్ల గీత 6.75 మీటర్లు. ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌళ్లు, 7.24 మీటర్లు. డిఫెండర్‌కు మూడు సెకన్ల నియమం ఫిబాలో లేదు. పొడుగువాడు రింగు కిందే నిలబడి ఉండొచ్చు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు తడబడేది ఇక్కడే.

విదేశీ ఆటగాడికి చాలా లీగ్‌లలో కోటా ఉంటుంది. ఫిలిప్పీన్స్ లీగ్ పీబీఏలో విదేశీయుణ్ని అనుమతించే టోర్నీల్లో కూడా మామూలుగా జట్టుకు ఒక్కడే. ఆ ఒక్కడు రెండు మ్యాచ్‌లు సరిగా ఆడకపోతే మూడో మ్యాచ్‌కి ఇంకొకడు విమానం దిగుతాడు. దక్షిణ కొరియా లీగ్ 2018-19లో విదేశీ ఆటగాళ్లకు ఎత్తు పరిమితి పెట్టింది. ఒకరు రెండు మీటర్లు మించకూడదు, ఇంకొకరు 186 సెంటీమీటర్లు మించకూడదు. రెండు సెంటీమీటర్లు ఎక్కువున్నందుకు కొలత దగ్గరే ఉద్యోగం పోయినవాడున్నాడు. పొడుగు తక్కువని ఏడ్చేవాళ్లను చూశాం, ఇదొక వింత. మరుసటి ఏడాది ఆ నియమం తీసేశారు.

ఇక అసలు విషయం, కాంట్రాక్టు కాగితం. కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ పోయి రాని ఇల్లు తక్కువ. ఆజాద్ వీసా అంటే ఏంటో, కఫీలు (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) పాస్‌పోర్టు పెట్టుకుంటే ఏమవుతుందో ఇక్కడ చదువురాని అవ్వకు కూడా తెలుసు. అంత తెలివి ఉన్న జిల్లాలో, బాస్కెట్‌బాల్ కాంట్రాక్టు అనగానే కళ్లు మూసుకుని సంతకం పెడుతున్నారు. "ఇంత కడితే మీవాడికి యూరప్‌లో ఆడే అవకాశం" అని ఎవరైనా ముందుగా డబ్బడిగితే ఆ ఫోన్ అక్కడే పెట్టేయాలి. నిజమైన ఏజెంటుకు ఫిబా లైసెన్సు ఉంటుంది. అతని కమిషన్ కాంట్రాక్టు కుదిరాక, జీతం మీద మామూలుగా పది శాతం వరకు, చాలాసార్లు క్లబ్బే ఇస్తుంది. ఎన్‌బీఏలో ఏజెంటుకు నాలుగు శాతం మించకూడదు. ఎక్కడా ఆటగాడు ముందు కట్టడం ఉండదు.

కాగితం చేతికొచ్చాక చూడాల్సినవి చెబుతాం. జీతం పన్ను పోను నికరమా, పన్నుతో కలిపా? నెల ఏ తారీఖున ఇస్తారు? ఎన్ని రోజులు ఆలస్యమైతే ఆటగాడు ప్రాక్టీసు మానేయొచ్చు, ఎన్ని రోజులకు కాంట్రాక్టు తెంచుకుని బాకీ మొత్తం అడగొచ్చు? ఈ రెండు అంకెలు రాసిలేని కాంట్రాక్టు అందమైన పెండ్లిపత్రిక లాంటిది. దిగగానే వైద్య పరీక్ష ఎన్ని గంటల్లో చేస్తారు, అది పాసయ్యాక ట్రయల్ పేరుతో వెనక్కి పంపే హక్కు క్లబ్బుకు ఉందా? ఎక్కువ మోసాలు ఇక్కడే. వారం ఆడించి, బాగాలేదని టికెట్ చేతిలో పెడతారు. దెబ్బ తగిలితే జీతం ఆగకూడదని, శస్త్రచికిత్స ఖర్చు ఎవరిదో పేరుపెట్టి రాయాలని అడగాలి. ఇల్లు ఒక్కడికేనా, ముగ్గురితో పంచుకోవాలా, కరెంటు బిల్లు ఎవరిది, రానూపోనూ టికెట్లు ఎన్ని అనేవి చిన్నగా కనిపిస్తాయి. నెల జీతంలో పావు వాటిలోనే పోయే ఊళ్లున్నాయి.

అన్నింటికంటే ముఖ్యమైన వాక్యం చివరి పేజీలో ఉంటుంది. గొడవ వస్తే ఎవరు తీర్పు చెప్పాలి అని. ఫిబా 2007లో పెట్టిన మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ఒకటుంది, బీఏటీ అంటారు, జెనీవా కేంద్రం. అది ఇచ్చిన తీర్పు ప్రకారం డబ్బు కట్టని క్లబ్బును కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోనీకుండా ఫిబా ఆపగలదు. అందుకే క్లబ్బులు దానికి భయపడతాయి. కాకపోతే కాంట్రాక్టులో ఆ ట్రిబ్యునల్ పేరు రాసి ఉంటేనే అది కేసు తీసుకుంటుంది. రాసి లేకుంటే ఆ దేశపు కోర్టు, ఆ దేశపు భాష, ఆ దేశపు వకీలు. కేసు వేసే రుసుము యూరోల్లో ఉంటుంది, తిరిగి రాదు. చిన్న బాకీకి అది కూడా ఆలోచించుకోవాలి.

దేశం మారాలంటే పాత దేశపు సమాఖ్య ఇచ్చే లెటర్ ఆఫ్ క్లియరెన్స్ కావాలి. మనకైతే భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య, బీఎఫ్‌ఐ, ఇస్తుంది. పాత క్లబ్బుతో కాంట్రాక్టు ఇంకా నడుస్తుంటే ఆ లెటర్ ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు, ప్రత్యేక కారణాలుంటే తప్ప, అంతర్జాతీయ బదిలీయే లేదు. పదహారేళ్ల పిల్లవాణ్ని స్పెయిన్ పంపిస్తామనేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

ఇక్కడే మన తెలుగువాళ్ల తిప్పలు ఇంటిపేరుతో మొదలవుతాయి. జిల్లా సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక అక్షరం, పదో తరగతి మెమోలో పూర్తిగా పేరుకు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఆధార్‌లో అసలు లేదు. స్కోర్‌షీట్ రాసినవాడు పిలుపుపేరు రాసుకుంటాడు. ఇరవై రెండేళ్లకు క్లియరెన్సుకో ఉద్యోగానికో కాగితాలన్నీ ఒకచోట పెడితే నలుగురు మనుషులు తేలతారు. పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగ్‌నే ప్రతి ఎంట్రీ ఫారం మీద పెద్ద అక్షరాలతో రాయాలి. పాస్‌పోర్టు కూడా దాన్నిబట్టే తీయించాలి. అండర్-14 నుంచే ఈ పద్ధతి పెట్టుకుంటే తర్వాత నోటరీల చుట్టూ తిరిగే పని ఉండదు.

మన దేశంలో ఈ వృత్తి రూపు వేరు. పూర్తికాలపు లీగ్ నిలబడలేదు. యూబీఏ అని ఒకటి 2015లో మొదలై రెండేళ్లు ఆడి ఆగిపోయింది. ఇక్కడ ఆటగాడికి అన్నం పెట్టేది రైల్వే, సర్వీసెస్ (సైనిక దళాలు), ఓఎన్‌జీసీ, బ్యాంకులు. తమిళనాడులో కోయంబత్తూరు, పెరియకుళం లాంటి చోట్ల జరిగే ఆహ్వాన టోర్నీల చుట్టూ మిగతా కాలం గడుస్తుంది. అమృత్‌పాల్ సింగ్ జపాన్‌లో ఆడి, 2017-18లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ కింగ్స్‌కు వెళ్లాడు. గీతు అన్నా జోస్ దక్షిణ రైల్వే ఉద్యోగిగా ఉంటూనే ఆస్ట్రేలియా బిగ్ వీ లీగ్‌లో రింగ్‌వుడ్ తరఫున ఆడింది. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ముందు చదవాల్సిన కథ ఆమెది అని మా అభిప్రాయం. 2015 డ్రాఫ్టులో డల్లాస్ జట్టు 52వ ఎంపికగా తీసుకున్న సత్నామ్ సింగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కింది లీగ్, తర్వాత కెనడా లీగ్ చూశాడు. 2020లో డోపింగ్ కేసులో రెండేళ్ల నిషేధం పడింది. జిమ్ముల్లో డబ్బాల మీద ఇంగ్లీషు చదవకుండా పొడులు తాగే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో దొరికిన దానికి బాధ్యుడు ఆటగాడే. "షాపువాడిచ్చాడు" అనే మాట అక్కడ చెల్లదు.

రైల్వే క్రీడా కోటా లెక్క మన గుంతకల్లు డివిజన్ వైపు చూసేవాళ్లకు పనికొస్తుంది. వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. ట్రయల్స్‌కు 40 మార్కులు, సాధించిన పతకాలకు 50, చదువుకు 10. ట్రయల్స్‌లో 40కి 25 రాకపోతే మిగతా 60 ఎవరూ తెరిచి చూడరు. పతకాలు కూడా నోటిఫికేషన్ ఏడాది, దాని ముందు రెండు ఆర్థిక సంవత్సరాల్లోవే లెక్క. అందుకే పందొమ్మిదేళ్లకు జాతీయ పోటీల్లో ఆడి, డిగ్రీ అయ్యాక చూద్దాంలే అని ఇరవై మూడు దాకా ఆగినవాడి కాగితం చెల్లని నోటవుతుంది. కేంద్ర కొలువులకైతే సర్టిఫికెట్ నిర్ణీత ఫారంలోనే ఉండాలి. అంతర్జాతీయానికి ఫారం 1, జాతీయానికి 2, విశ్వవిద్యాలయానికి 3, పాఠశాల స్థాయికి 4. టోర్నీలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ గోడకు బాగుంటుంది, ఫైలుకు కాదు. పోటీ ముగిసిన నెలలోనే సంఘం కార్యదర్శి సంతకంతో ఫారం తీసుకోవాలి. నాలుగేళ్ల తర్వాత పోతే ఆ కార్యదర్శి మారిపోయి ఉంటాడు.

ఇన్ని చెప్పాక కోర్టు సంగతి చెప్పకుండా ఉండలేం. మన దగ్గర ఎక్కువ కోర్టులు సిమెంటువి, ఆరుబయటివి. ఏప్రిల్, మే ఎండకు సాయంత్రం ఐదైనా కాలు పెట్టలేం. సిమెంటు మీద రోజూ ఎగిరితే మోకాలిచిప్ప కింద టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) దెబ్బతినొచ్చు. మొదట ఆట మొదలైన పది నిమిషాలు నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక పోతుంది. పోయింది కదా అని ఆడతారు, ఏడాదికి మెట్లు దిగలేరు. ఎగిరే కసరత్తులు వారానికి రెండు రోజులకు తగ్గించి, మిగతా రోజుల్లో మెల్లగా కిందికి దిగే స్క్వాట్లు చేయించాలి. విదేశీ క్లబ్బు వైద్యుడు మొదట నొక్కి చూసేది అక్కడే. రింగు ఎత్తు టేపుతో కొలవండి. 3.05 మీటర్లకు నాలుగు వేళ్లు తక్కువున్న రింగులు కొన్ని ఉన్నాయి, వాటి మీద నేర్చిన షాటు బయట ముందు అంచుకే తగులుతుంది. బంతి దొరికిన జట్టు షాటు వేయాల్సిన 24 సెకన్లను చూపే గడియారం లేదు. కనీసం ఒక పిల్లవాడు ఫోన్ పట్టుకుని గట్టిగా లెక్కపెట్టాలి. రింగుకు తగిలిన బంతిని మనవాళ్లే తిరిగి పట్టుకుంటే 14 సెకన్లే అని కూడా వాళ్లకు అలవాటు కావాలి.

బయటి క్లబ్బుకు పంపే వీడియోల గురించి ఒక మాట. సినిమా పాట పెట్టి, డంకులు అతికించిన రెండు నిమిషాల ముక్క ఎవరూ చూడరు. పూర్తి మ్యాచ్‌లు రెండు, తేదీ, ఎదుటి జట్టు, జెర్సీ నంబరు, చెప్పుల్లేకుండా కొలిచిన ఎత్తు రాసి పంపాలి. ఎత్తు రెండంగుళాలు కలిపి రాసేవాళ్లున్నారు. విమానం దిగగానే తెలిసిపోయే అబద్ధం ఎందుకో!

మీ పత్రికకు మా విన్నపం పెద్దదేమీ కాదు. జిల్లా జట్టు ఎంపిక పోటీల వార్త చాలాసార్లు పోటీ జరిగే రోజు పొద్దున్నే వస్తోంది. సంఘంవాళ్లు ఆలస్యంగా పంపుతారేమో, అది వాళ్ల తప్పు. వారం ముందు రెండు లైన్లు వేయండి. తేదీ, చోటు, వయసు లెక్కకు కటాఫ్ తేదీ, తేవాల్సిన కాగితాలు. బద్వేలు నుంచో జమ్మలమడుగు నుంచో వచ్చే పిల్లవాడు ముందురోజే జనన ధ్రువీకరణ జిరాక్స్ తీయించుకుని మొదటి బస్సు పట్టుకోగలగాలి. పోటీ అయ్యాక గెలిచిన జట్టు ఫొటో వేసేటప్పుడు పన్నెండు మంది పేర్లూ, ఇంటిపేర్లతో సహా, మెమోలో ఉన్నట్టు అచ్చు వేయండి.

ఇట్లు,
కొందరు బాస్కెట్‌బాల్ శిక్షకులు,
కడప